మా పొలంలో పరాయి నాగలి

డకోటా, 1884 జూన్ 9

సిగ్రి అక్కా, ఇక్కడ పిల్లలూ నేనూ కులాసాగానే ఉన్నాం.

మా ఆయన తారాల్డ్ రైలు పట్టాల పనికెళ్ళి ఆరు వారాలైంది. మొన్న పొద్దున్న చూద్దును కదా, ఎవరో మనిషి జోడెద్దులతో మా బీడు దున్నేస్తున్నాడు. చంటిదాన్ని చంకనేసుకుని వెళ్ళి నాగలికి అడ్డం నిలబడ్డాను.

"ఇక్కడెవరూ ఉండట్లేదన్నారమ్మా. వదిలేసిన భూమి కదా," అన్నాడు.

"మరి నేనెవర్ని, దయ్యాన్నా? అదిగో, పొగ వస్తోందే, పచ్చిక గడ్డలు పేర్చి కట్టిన అదే మా ఇల్లు."

"గడ్డి మొలిచిన దిబ్బ అనుకున్నాను."

"ఆ దిబ్బలోనే ఈ పిల్లని కన్నాను. ఇంకో రెండేళ్ళు ఈ నేల మీదే కాపురముంటే సర్కారు మాకు పట్టా ఇస్తుంది. నేను కదలను, నీ ఎద్దుల్ని మళ్ళించుకో."

నన్నూ ఇంటినీ కాసేపు మార్చి మార్చి చూశాడు. మంచినీళ్ళు అడిగి తాగి వెళ్ళిపోయాడు. అతను దున్నిన నాలుగు చాళ్ళలో బంగాళాదుంపలు నాటేశాను.

అమ్మ మోకాలు ఎలా ఉంది? ఎర్రావు ఈనిందా? ఇటు ఎవరైనా వస్తుంటే ముల్లంగి విత్తనాలు, రెండు లావు సూదులు పంపు.

పొలం సంగతి ఆయనకి రాయలేదు. తెలిస్తే పని మానేసి వచ్చేస్తారు. మా అత్తగారికి ఇది చదివేటప్పుడు ఆ ముక్క దాటేసెయ్. ఈ కార్డు మాత్రం ఆవిడ చేతికివ్వకు. దేవుడు మిమ్మల్నందర్నీ చల్లగా చూడాలి.

నీ చెల్లెలు,
గున్‌హిల్డ్