నీకన్నా ముందు కట్టిన చీర

అక్కా,

నిన్ను నేనెప్పుడూ చూడలేదు. అయినా నీ పేరున చేయించిన బంగారు బిళ్ళను నా పుస్తెల పక్కన రెండేళ్లుగా మోస్తున్నాను. కరోనాలో నువ్వు పోయాక, ఆయన నన్ను చేసుకుని గల్ఫ్‌లోని ఇదే కరామా ఫ్లాటుకు తీసుకొచ్చారు.

గోడ మీది ఫోటోలో నువ్వు ఖోర్‌ఫక్కాన్ సముద్రం ముందు నవ్వుతుంటావు. ఈద్ సెలవులకు నన్నూ తీసుకెళ్లమంటే ఆయన, "దూరమున్నది, ఎండ గూడ" అంటారు.

పండుగకు ఏ చీర కొన్నా ముందు నీ ఫోటో దగ్గర పెట్టాలి, తర్వాతే నేను కట్టుకోవాలి. మరిచిపోతానేమోనని అత్తమ్మ వీడియో కాల్ చేసి మరీ చెబుతుంది. అంటే నావన్నీ నువ్వు విడిచినవే, ఆయనతో సహా.

ఈ దీపావళికి మీనా బజార్‌లో నెమలికంఠం రంగు చీర కొన్నాను. ఆయన ఆఫీసుకు వెళ్లగానే తలుపు గడియ పెట్టి కట్టుకున్నాను. వంట కూడా ఆ చీరలోనే చేశాను. తర్వాత విప్పి, మడతపెట్టి, నీ ముందు పెట్టాను.

సాయంత్రం ఆయన వచ్చి, "మీ అక్కకు పెట్టినవా?" అని అడిగారు.

"పెట్టిన" అన్నాను.

కొంగుకు పోపు వాసన అంటుకుంది, కోపం తెచ్చుకోకు. ఈ ఇంట్లో నీకన్నా ముందు నాకు దక్కింది ఆ చీర ఒక్కటే.