చిరిగిన రెక్కకి సూది తీశాను

అక్కా,

కార్డు చూడగానే కంగారుపడకు, కబురు మంచిదే. నీ దగ్గరున్న నా కుట్టుమిషను అమ్మెయ్యమని పోయిన కార్డులో పక్కింటావిడ చేత రాయించాను కదా, ఇప్పుడు దాన్ని అమ్మొద్దు. బేరం కుదిరి ఉంటే చెడగొట్టు.

కుడిచెయ్యి విరిగాక ఇంట్లో ముడుచుకుని కూర్చున్నానని మా వీధి పళ్ళ డాక్టరుగారు మొన్న ఆదివారం సీతాకోకచిలుకలు చూసే నడకకి నన్నూ లాక్కెళ్ళారు. ఎండాకాలం చివరికొచ్చింది. కాలవగట్టున పూలన్నీ వాడిపోయి, మిగిలిన కాసిని పూలమీదే అవన్నీ మూగుతున్నాయి. ఒకదానికి రెక్క సగానికి చిరిగి ఉంది. కట్టు విప్పిన నా చెయ్యి దానంతటదే జాకెట్టు భుజానికి గుచ్చుకున్న సూదిమీదికి పోయింది! అందరూ ఒకటే నవ్వు.

"దాన్ని మనం కుట్టలేమమ్మా. కాసేపు చూడండి, దాని పని అది చేసుకుంటుంది" అన్నారాయన.

నిజమే. పక్కకి ఒరుగుతూనే పువ్వు పువ్వుకీ తిరిగింది, ఒక్కటీ వదల్లేదు. చూస్తూంటే నాకు రోషం పొడుచుకొచ్చింది.

మిషనుకి గోనెపట్టా చుట్టి లారీకి వేయించు. బెల్టు ఎలకలు కొరికాయేమో చూడు. పెద్ద కత్తెర సానపట్టించు. దాంతో బావగారు కాగితాలు కోస్తుంటే మాత్రం ఊరుకోనని నా మాటగా చెప్పు. చిన్నదాని దగ్గు తగ్గిందా? పిల్లలకి నా ముద్దులు.

చెయ్యి కొంచెం వంకరగానే అతుక్కుంది. అయినా కుట్టు వంకరగా పడదు. నమ్మకం లేకపోతే ఈ అక్షరాలు చూడు, ఆ చేత్తోనే రాశాను.

నీ చెల్లెలు