ఐదో మనిషి

అల్ ఖోబర్, సోమవారం

ప్రియమైన మేరాజ్ మేడం,

ఫోన్లో అడిగితే తిడతారని మెయిల్ రాస్తున్నాను. పోయిన వారం ప్రాక్టీసులో కళ్ళు తిరిగి పడ్డాను. ఇక్కడ తీసిన ఈసీజీ జతచేశాను. శుక్రవారం మా ఆడవాళ్ళ ఫుట్‌బాల్ ఫైనల్, జట్టుకు ఐదుగురే ఆడే పోటీ. డాక్టర్ సంతకం ఉంటేగానీ ఆడనివ్వరట. మేం ఉన్నదే ఐదుగురం, నేను తప్పుకుంటే జట్టే లేదు. ప్రొద్దుటూరు కాలేజీలో ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిన మొదటి కోచ్ మీరు. మా మోకాళ్ళకు కట్లు కట్టీ కట్టీ, ముప్పై దాటాక డాక్టరీ చదివారు. మీరు కాక ఆ సంతకం ఎవరు పెడతారు?

మీ గోల్‌కీపర్,
ఖుష్బూ

రియాద్, మంగళవారం

నా బంగారు ఖుష్బూ,

పెట్టను. నీ ఈసీజీ మా గుండె డాక్టరుకు కూడా చూపించాను. గుండె కండరం మందమైందేమోనని అనుమానం. అదే నిజమైతే ఆటలోనే గుండె ఆగిపోవచ్చు. స్కాన్ తీసి తేల్చేదాకా పరుగు వద్దు. ఆదివారం ఇక్కడికి రా, దగ్గరుండి చేయిస్తాను. నీకు కోపం వస్తుందని తెలుసు. రానీ.

ప్రేమతో,
మేరాజ్

అల్ ఖోబర్, గురువారం

డాక్టర్ గారికి,

సంతకం ఇంకోచోట దొరికింది. రేపు ఆడుతున్నాను. "ఓడినా సరే, ఆట మధ్యలో వదలొద్దు మే" అన్న మా కోచ్ ఇప్పుడు లేరనుకుంటాను. నలుగురిని నట్టేట ముంచడం నావల్ల కాదు. మీరు మీ రోగులను చూసుకోండి.

ఖుష్బూ

అల్ ఖోబర్, శనివారం

ప్రియమైన మేడం,

నిన్న మీరు తిరిగి బస్సెక్కేదాకా మీతో చెప్పని మాటలు ఇవి. గ్రౌండ్ గేటు దగ్గర మిమ్మల్ని చూసి, నన్ను లాక్కెళ్ళడానికే వచ్చారనుకున్నాను. మీరేమో నా గ్లౌజులు లాక్కున్నారు. "నువ్వు గమ్మున బయట కూచో మే. ఐదో మనిషి కావాల, అంతే గదా? నేనాడతా" అన్నారు. ఎదుటి జట్టు నవ్వుతూనే ఒప్పుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

నలభై ఐదేళ్ళ మనిషి అలా పడి లేస్తుంటే, మూడో గోల్ తర్వాత నా కోపం నిలవలేదు. ఏడుస్తూనే "ఎడమకు మేడం, ఎడమకు!" అని గొంతు చించుకున్నాను. నిజం చెప్పాలంటే, ప్రాక్టీసులో కళ్ళు తిరిగిన రోజు నుంచీ నాకు భయంగానే ఉంది. ఆట ఆపితే ఆ జబ్బు ఉందని ఒప్పుకున్నట్టే అనిపించింది.

ఏడు గోల్స్ వదిలేశారు. గోల్‌కీపర్‌గా మీరు బొత్తిగా పనికిరారు మేడం. డాక్టరుగా ఏమాత్రమో రేపు చూస్తాను. పొద్దున బస్సుకు వస్తున్నాను.

మీ
ఖుష్బూ