గుంట అంటే గొయ్యి కాదు

జూన్ 9, సోమవారం
మళ్లీ తిప్పి పంపారు. ఈసారి వారపత్రిక. "యాస ఎక్కువైంది, మా పాఠకులకు అందదు" — అంతే. వెబ్ పత్రికవాళ్లయితే పలకనే పలకరు. ఫోను గోడకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు, కథంతా అందులోనే ఉంది. కథతోపాటు హామీపత్రం ఒకటి... పాత్రలన్నీ కల్పితమని రాసి సంతకం పెట్టాలట. పెట్టాను.

జూన్ 12
ధాన్యం కొట్లో కూర్చునే ఇంకో చోటికి పంపాను, ఆదివారం అనుబంధానికి. ఈ కాటా దగ్గరే సుజి పడింది. నా మరదలు. వాళ్ల నాన్న, అంటే మా మావయ్య, కాటా కింద గొయ్యిలో చెక్కముక్క దోపి తూకం తగ్గిస్తుంటే, రైతు ముందే "మళ్లీ తూయించుకో బాబూ, అది దొంగ తూకం" అనేసింది. రైతు బండి మలుపు తిరిగేదాకా ఆగాడు మావయ్య. బస్తాలెత్తే కొక్కెం తిరగేసి తల మీద కొట్టాడు. రెండో దెబ్బ అక్కర్లేకపోయింది, అయినా కొట్టాడు. చూసింది నేనూ, బస్తాలు మోసే కళాసీ. మేడమెట్ల మీంచి జారిందని ఊరికి చెప్పారు. పెళ్లికాని పిల్లని మాలో కాల్చరు, కప్పెట్టారు.
స్టేషనుకు వెళ్లే ధైర్యం నాకు లేదు. కథైనా అచ్చు కావాలి. ఎవరో ఒకరు చదవాలి.

జూన్ 15
మావయ్య చూశాడు.
"ఏటిరా ఎప్పుడూ ఆ ఫోన్లో గీకుతన్నావు?"
కథ అన్నాను.
"ఎవులి కత?"
ఫోను జేబులో పెట్టుకున్నాను. చెంప పగలగొట్టాడు. కిందపడితే డొక్కలో తన్నాడు. "నా కొంప గురించి ఒక్క ముక్క రాసినావంటే సేతులిరిసీసి గోనెలో కుట్టీస్తాను."
అమ్మ ఆయన చెల్లెలు. నాన్న పోయాక ఇద్దరం ఆయన తిండే తింటున్నాం. పసుపు అద్దుతూ, "ఊరుకోరా నాయినా... పోయిన గుంట మరి రాదు" అంది. అమ్మ మీద కూడా అసహ్యం వేసింది.

జూన్ 19
వేసుకుంటారట. ఎడిటరు గారే ఫోన్ చేశారు. "యాస అక్కడక్కడ తగ్గించుకుంటాం, అభ్యంతరమా?" లేదన్నాను. ఏమడిగినా లేదనేవాణ్ని. గోదాంలోకి పోయి బస్తాని గుద్దుతూ ఏడ్చాను.

జూన్ 27
మారుపేరు పెట్టమని అమ్మ. పెట్టను. చంపితే చంపనీ.

జూలై 6, ఆదివారం
వచ్చింది.
కథలో కొక్కెం పైకి లేవడంతో ఆ సన్నివేశం ఆపాను నేను. పిల్ల చచ్చిందన్నది ఆఖర్న కళాసీ నోట ఒకే ఒక్క మాట — "తెల్లారకముందే గుంటని కప్పెట్టీసినారు."
అచ్చులో — "తెల్లారకముందే గొయ్యి కప్పెట్టేశారు."
మా గుంట వాళ్లకి గొయ్యి అయింది. కాటా కింది గొయ్యి. ఇప్పుడు నా కథలో తండ్రి కొట్టబోయి ఆగి, బుద్ధి తెచ్చుకుని, దొంగ గొయ్యి పూడ్చేశాడు. పైన బొమ్మ కూడా వేశారు. తండ్రీ కూతురూ నవ్వుతూ, చేతిలో పార.
మావయ్య పేపరు పట్టుకుని వచ్చాడు. రెండు చేతులతో తల కప్పుకుని గోడకి ఆనుకున్నాను. కొట్టలేదు.
"బాగానే రాసినావురా. సివరాకరికి నాను మంచోణ్నే కదేటి," అన్నాడు. నవ్వాడు.
ఆ కొక్కెం తీసి ఆ నవ్వులోకి దించాలనిపించింది. నిజంగానే. ఎక్కడ వేలాడుతోందో కూడా చూశాను.

జూలై 7, సోమవారం
పొద్దున్నే ఎడిటరు గారి ఫోను. కొట్లో ఉన్నాను, మావయ్య కాటా దగ్గర. పాలకొండ నుంచి ఒకావిడ ఫోన్ చేసి, గొయ్యిని పూడుస్తారు గానీ కప్పెడతారా, అక్కడ గుంట అనే ఉండుంటుందని ఎడిటరుని నానా మాటలూ అందట.
"మీ వైపు గుంట అంటే వేరే అర్థం ఏమైనా ఉందా బాబూ? ఉంటే చెప్పండి, ఆదివారం సవరణ వేస్తాం."
"ఎవుల్రా, పేపరోల్లేనా? గట్టిగా మాటాడు, నానూ ఇంటాను," అన్నాడు మావయ్య.
గట్టిగానే చెప్పాను. "ఆడపిల్ల అండీ. ఆ పిల్లని చంపి కప్పెట్టారు."
మావయ్య కొక్కెం అందుకున్నాడు.

ఇది గోదాంలో, లోపల గడియ పెట్టుకుని రాస్తున్నాను. ఎడమ మోచెయ్యి లేవడం లేదు, కుడిది నయం. బయట మావయ్య — "తలుపు తియ్యరా, ఏటీ సెయ్యను. మళ్లీ ఫోన్ సేసి, తప్పు సెప్పీసినానని సెప్పు, సాలు." అమ్మ కూడా అంటోంది, "సెప్పీరా నాయినా..." అని. తలుపు మీద కొక్కెం పడుతోంది. చెక్క చీలుతోంది. ఫోను నా దగ్గరే ఉంది, ఛార్జింగూ ఉంది. ఆ ఫోన్ మాత్రం నేను చెయ్యను.
సవరణ ఆదివారం వస్తుంది. ఇవాళ సోమవారం.