గోటితో గీకిన స్టిక్కర్

బాపూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. మద్యం మీద సర్కారుకు రావలసిన పన్నెంత, వచ్చిందెంత అని తేల్చే పని మా గచ్చిబౌలి సర్వే ఆఫీసుకు దొరికింది. అందుకే పుప్పాలగూడ పాత సామాన్ల దుకాణంలో కూర్చుని, పన్ను కట్టినట్టు సర్కారు వేసే స్టిక్కర్ ఉన్న ఖాళీ సీసాలనూ లేనివాటినీ వేరుచేసి ఫారంలో లెక్క రాస్తున్నాను.

ఒకదాని మీద స్టిక్కర్ గోటితో గీకేసి ఉంది. తాగుతూ నువ్వూ అలాగే గీకేవాడివి.

"గది దొంగ మాలు మేడం, పన్ను ఎగ్గొట్టిండ్రు," అన్నాడు దుకాణదారు.

"కాదన్నా, గీకనీకి స్టిక్కర్ ఉన్నదంటే పన్ను కట్టినట్టే," అన్నాను.

నువ్వెప్పుడూ ఎగ్గొట్టలేదు. అమ్మ దవాఖానకు పైసలడిగిన రోజు కూడా సీసా కొని, ధరతోపాటే పన్ను కట్టి వచ్చావు.

సర్కారుకు నువ్వు పైసా బాకీ లేవు బాపూ. అమ్మకు బాకీ పడ్డది రాయడానికి నా ఫారంలో గడి లేదు.