దూరం నుంచి నమస్కారం

పెనుకొండ,
సెప్టెంబరు 21, ఆదివారం.

నాయనకు,

నీ కొడుకు వేణుమాధవ్ నమస్కరించి రాసేది. ఇక్కడ అమ్మ, చెల్లెలు సాయిసుధ, నేను ముగ్గురమూ బాగున్నాం. నువ్వు ఆ కాఫీ తోటలో వానకు తడిసి జ్వరం తెచ్చుకోకుండా ఉన్నావని అనుకుంటున్నాం. ఇంతవరకు అమ్మ పక్కన కూర్చుని రాయించింది. ఇప్పుడు పాలు పోయడానికి డెయిరీకి పోయింది. ఇక మీద ఉన్నదంతా నా మాటే.

నీ జాబు పోయిన సోమవారం అందింది. తోటలో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలనీ, ఎక్కినా రెండు మాటలకే తెగిపోతుందనీ రాశావు. నాకు అదే మేలయింది. ఈ సంగతి ఫోనులో అయితే నేను చెప్పేవాణ్ణి కాదు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. శనక్కాయ ఊడలు దిగేటప్పటికి వాన మొహం చాటేసింది. పై చేను పోయినట్టే. కింది చేను పచ్చగా కనిపిస్తుంది కానీ పీకి చూస్తే చెట్టుకు ఆరేడు కాయలు, అందులో సగం లొట్టలు. అమ్మ మోకాలు మెట్లు దిగేటప్పుడే నొప్పి. ఆసుపత్రికి రమ్మంటే, "నడుస్తాండా గదా, ఇంకేం గావల్ల నీకి?" అంటుంది. సాయిసుధ రోజూ హిందూపురం బస్సులో నిలబడే కాలేజీకి పోయి వస్తోంది. నేను ఎర్రమంచి దగ్గర అదే గోదాములో ఉన్నాను. కార్ల సామాన్లు వచ్చే అట్టపెట్టెలు విప్పి అరల్లో సర్దడం, సాయంత్రం గేటు దగ్గర చేతులు పైకెత్తి జేబులు తడిమించుకోవడం. ఆ రెండోది నాకు ఎంత మంటో నీకు తెలుసు.

ఇక నువ్వు పదేపదే అడిగిన సంగతి. "హిందూపురం కబడ్డీలో ఎవరికో కన్ను పోయిందంట గదా. మీవాళ్ళు రెఫరీ మింద అర్జీ పెట్టి మంచి పని చేసినారు. వదలొద్దు. ఆ తిరుపాల్‌కు మొదట్నుంచీ పొగరు" అని రాశావు. జరిగింది జరిగినట్టు రాస్తాను. చివరిదాకా చదువు, మధ్యలో మడిచి పెట్టొద్దు.

తిరుపాల్ సార్ ఇక్కడే ఒక ఆఫీసులో అటెండరుగా చేసి రిటైరయ్యాడు. ఎస్సీ కాలనీలో ఇల్లు. ముప్ఫై ఏళ్ళుగా కబడ్డీకి విజిల్ పడుతున్నాడు. ఆటకు ముందు ఆయనకో పద్ధతి ఉంది. రెండు జట్లనూ గీత మీద నిలబెట్టి, ఒక్కొక్కరి రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, గోళ్ళ మీద బొటనవేలు రాసి చూసి, మొహంలోకి చూస్తూ "బాగా ఆడప్పా" అంటాడు. గోరు పెరిగి ఉంటే తన జేబులోని నెయిల్ కట్టర్ తీసి ఇస్తాడు.

ఆ చేతులు చాపడమే నాకు పడలేదు. సమానత్వం గురించి చెప్పే మీటింగుల దగ్గర అమ్మే చిన్న పుస్తకాలు నేను చదువుతానని నీకు తెలుసు. మనిషి మనిషి ముందు చేతులు చాపకూడదని వాటిలో చదివాను. బడిలో బెత్తానికి చాపాం, గేటు దగ్గర ఎత్తుతున్నాం, ఆటలో కూడానా? జట్టుకు నేను కెప్టెన్‌ను. "మనం దొంగలం కాదు. ఇకనుంచి చేతులు చాపేది లేదు. నమస్కారం పెడదాం, అది సమానులు పెట్టుకునేది" అన్నాను. అందరూ ఒప్పుకున్నారు.

ఆగస్టు ఆఖరి ఆదివారం హిందూపురంలో ధర్మవరం జట్టుతో ఆట. తిరుపాల్ సార్ మొదట నా దగ్గరికే వచ్చాడు.

"ఏమప్పా, చేతులు చూపిచ్చు."

నేను రెండడుగులు వెనక్కి వేసి నమస్కారం పెట్టాను. నా వెనక ఆరుగురూ అట్లాగే పెట్టారు.

"నమస్కారం సరే. చేతులు?"

"తనిఖీకి మేము ఒప్పం సార్. మీకు ఇయ్యాల్సింది గౌరవం. ఈడ్నుంచే ఇస్తాండాం."

జనంలోంచి ఎవడో అరిచాడు. "ఓ సారూ, పెండ్లిచూపులా ఏమి, అన్నిసార్లు చేతులడిగేకి? విజిల్ ఊదబ్బా!" గ్రౌండంతా నవ్వింది. ధర్మవరం కెప్టెన్ ఉదయ్ కుమార్ మాత్రం తనే వచ్చి రెండు చేతులూ ముందుకు పెట్టాడు. "మావి చూడు సార్. మొగ్గం మింద కూర్చునే చేతులు. గోరు తగిల్తే పట్టు పోగు లేస్తాది, మాకి గోర్లు యాడుంటాయి?"

సార్ అతని చేతులు చూశాడు. తర్వాత నా వైపు చాలాసేపు చూసి, తనూ చేతులు జోడించి, బల్ల దగ్గరికి పోయి, అందరి చేతులూ చూసినట్టు రాసుండే కాగితం మీద సంతకం పెట్టాడు.

రెండో సగంలో ఉదయ్ కుమార్ కూతకు వచ్చాడు. కాళ్ళు ఒకడు, నడుము ఒకడు, మెడ నేను. ముగ్గురం ఒకేసారి మీద పడ్డాం. లేచి చూస్తే అతను ఎడమ కన్ను మూసుకుని మట్టిలో తిరుగుతున్నాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం. హిందూపురం నుంచి అనంతపురం తీసుకుపోయారు. నల్లగుడ్డు చీరిందన్నారు. కుట్లు వేశారు. ఇప్పుడు ఆ కంటికి వెలుతురు తెలుస్తుందట, పోగు తెలియదట. తెగిన పోగును అతకలేనివాడు మగ్గం మీద ఏం చేస్తాడు నాయనా? అతని భార్య నేస్తోంది, అతను పక్కన కూర్చుని కండెలు చుడుతున్నాడని విన్నాను.

ఎవరి గోరో ఎవరికీ తెలియలేదు. కమిటీవాళ్ళు మా జట్టును వివరణ అడిగారు. "నువ్వే రాయప్పా, నీకి రాసేది వస్తాది" అన్నారు మావాళ్ళు. నువ్వు మెచ్చుకున్న ఆ అర్జీ రాసింది నేనే. "ఆటగాళ్ళ చేతులు పరీక్షించకుండానే పరీక్షించినట్టు రెఫరీ సంతకం చేశారు" అని రాశాను. అందులో ఒక్క అబద్ధం లేదు. ఎందుకు పరీక్షించలేదో మాత్రం రాయలేదు. రెండేళ్ళు విజిల్ పట్టకూడదని ఆయనకు కాగితం వచ్చింది. ఆయనకు అరవై నాలుగు. రెండేళ్ళంటే ఇక లేనట్టే.

ఆ గోరు నాది.

గోదాములోకి బ్లేడు తేనివ్వరు. పెట్టెల మీద టేపు లేపడానికి మేమంతా కుడి బొటనవేలి గోరు పెంచుకుంటాం. ఆదివారం ఆట ఉందని తెలిసి కూడా, సోమవారం డ్యూటీ కోసం ఉంచుకున్నాను. నాదేనని ఎట్లా తెలుసంటావా? వేలు మెత్తగా దిగడం నాకు తెలిసింది. అందరూ అతని చుట్టూ ఉండగా కొళాయి దగ్గరికి పోయి గోరు పళ్ళతో కొరికి ఉమ్మేశాను. నోరు కడుక్కుని తిరిగొచ్చి, "ఎవుర్రా గోర్లు పెంచుకున్నోడు?" అని మావాళ్ళ మీద నేనే అరిచాను.

పద్దెనిమిది రోజులు ఎవరికీ చెప్పలేదు. మొన్న గురువారం తిరుపాల్ సార్ ఇంటికి పోయాను. ఆయన అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాడు. ఆయన భార్య గంగులమ్మ నీళ్ళు తెచ్చి, నా చేతికివ్వాలా, అరుగు మీద పెట్టాలా అని ఒక క్షణం ఆగింది. అందుకుని తాగాను.

"సార్, గోరు నాది" అన్నాను.

"తెలుసు."

"ఎట్ల తెలుసు సార్?"

"నమస్కారం పెడ్తివి గదప్పా. బొటనేలి గోరు పైకి కనపడ్తాండె."

"చూసి ఎందుకు నిలపలేదు సార్?"

ఆయన గింజలు తీస్తూనే చెప్పాడు. "నిలపాల్సిండె. నాదే తప్పు. ముప్పై ఏండ్లలో చెయ్యి ఇయ్యనోళ్ళని శానామందిని చూసినా. రెండోసారి అడిగినా. మూడోసారి అడిగితే ఏ మాటొస్తాదో నాకి తెలుసు. అంతమంది జనంలో ఆ మాట ఇనేకి ఓపిక లేకపాయ. నా మానం నేను చూసుకుంటి, ఆ పిల్లోని కన్ను పాయ. సంతకం నాది. వాళ్ళేసిన శిక్ష సరైందే."

అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు, నేను ఎందుకు చెయ్యి ఇవ్వలేదని ఆయన అనుకున్నాడో. గొంతు పెంచి చెప్పాను. "సార్, కులం చూసి కాదు! నేను అట్లాంటోన్ని కాదు. నేను చదివేదే వేరే. గౌరవంతోనే..."

ఆయన మొదటిసారి తలెత్తి నవ్వాడు.

"మీ నాయన గూడా ఇదే అన్న్యాడప్పా. పాతికేండ్లాయ. ఈ పెనుకొండ గ్రౌండులోనే. 'గౌరవమే సార్, ఈడ్నుంచే నమస్కారం' అని రెండడుగులు ఎనక్కి నిలబడె. ఎనక ఆరుమందీ అట్లే."

గంగులమ్మ "ఇప్పుడెందుకులేబ్బా అవన్నీ" అంది. ఆయన మళ్ళీ చింతపండులోకి తల వంచాడు. నీకూ నాకూ తేడా ఉందని ఆయనకు చెప్పాలని చూశాను. నా పుస్తకాల్లోని మాటలన్నీ ఒకటొకటిగా వెతుక్కున్నాను. ఆయన నిలబడిన చోటునుంచి చూస్తే మనిద్దరం ఒకేలా ఉన్నాం నాయనా. లేచి వచ్చేశాను.

నిన్న కమిటీకి రాసి ఇచ్చాను. గోరు నాది, చెయ్యి ఇవ్వనన్నది నేను, అర్జీ రాసింది నేను అని. సార్ సంతకం సార్‌దే కాబట్టి ఆయన శిక్ష మారదన్నారు. నన్ను జట్టులోంచి తీసేశారు. మావాళ్ళు కనిపిస్తే పక్కకు తిరుగుతున్నారు. రేపు ధర్మవరం పోయి ఉదయ్ కుమార్‌కు చెబుతాను. కొడితే కొట్టించుకుంటాను, కేసు పెడితే స్టేషనుకు పోతాను. అమ్మకు ఇంకా తెలియదు. ఈ జాబు పోస్టులో వేసి వచ్చి చెబుతాను.

నిన్ను తిట్టాలనే ఈ జాబు మొదలుపెట్టాను. రెండు కాగితాలు తిట్లతోనే నింపి చించేశాను. తిట్టే అర్హత నాకు లేకుండా పోయింది. ఒక్కటే అడుగుతాను. ఆ రోజు ఎందుకు వెనక్కి జరిగావో నాకు రాయి. గౌరవం అని మాత్రం రాయొద్దు. ఆ మాట నేనూ వాడాను. దాని వెనక ఎంత దాచొచ్చో నాకు తెలుసు.

ఇట్లు,
నీ పోలికే వచ్చిన కొడుకు,
వేణుమాధవ్