కాపీ చదివే పిచుక

చిరంజీవి పిచుకకు నాన్న దీవెనలు. ఇక్కడ అమ్మా నేనూ కులాసాగానే ఉన్నాం. నా కులాసా సంగతి మాత్రం కాస్త ఆగి రాస్తాను. అక్కడ నువ్వూ అత్తయ్యా బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ప్రూఫ్‌రీడర్ని కదా, నాలుగు తప్పులు కంటపడ్డాయి. ఒక్కటీ దిద్దబుద్ధి కాలేదు. నిఘంటువు పని పూర్తయిందా అని అడిగావు. లేదమ్మా. నువ్వు ఎదురుగా కూర్చుని, కాలు ఊపుతూ, కామాలూ ఫుల్‌స్టాపులతో సహా రాతప్రతి కాపీ పైకి చదువుతుంటే నేను ప్రూఫు దిద్దేవాణ్ణి. ఇప్పుడు నేనే చదువుకుని నేనే దిద్దుకుంటున్నాను. ఇల్లు బోసిగా ఉంది. నీ మీద బెంగ పెట్టుకున్నానని అమ్మ వెక్కిరిస్తోంది కానీ, తనూ మరిచిపోయి మూడు కంచాలు పెడుతోంది. కిటికీ దగ్గర నీ కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వడం లేదు.

గుండెకి ఏమైందనీ అడిగావు. నేను పడిపోవడానికి వారం ముందునుంచే దడ, చెమటలు. ఆ మధ్యాహ్నం ప్రెస్సులో ప్రూఫుల మీదే ఒరిగిపోతే మెషీన్‌మేన్ ఆస్పత్రికి మోసుకెళ్లాడు. గుండె నిమిషానికి నూట యాభైసార్లు కొట్టుకుంటోందట, అదీ లయ తప్పి. డాక్టరమ్మ అమ్మని బయటికి పంపి, ఏం మింగుతున్నారని నిలదీసింది. చెప్పేశాను.

“ఆ పిల్లని పరీక్షించి, పిల్లకి సరిపడేలా రాసిన మందు అది. బీపీ ఉన్న మనిషి ఇలా మింగితే గుండె ఆగిపోదా?” అంది.

అవును తల్లీ. నీ ధ్యాస నిలవడానికి ఇచ్చిన మాత్రలు తీసింది నేనే. గడువు ముంచుకొచ్చింది, కళ్లు మూతలు పడుతున్నాయి. ఒకటి వేసుకుంటే నలభై పేజీలు పరుగెత్తాయి. తర్వాత ఒకటి చాల్లేదు. మాత్రల అట్ట ఒకటి నా సంచిలోకే చేరింది. లెక్కకి తగ్గిన మాత్రలు స్నేహితులకి పంచిపెట్టావని అమ్మ నిన్ను కేకలేసి, అత్తయ్య కనిపెట్టుకుని ఉంటుందని పంపేస్తుంటే, నేను పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.

ఇంకా దాచేవాణ్ణేమో. కానీ నీ ఉత్తరం చివర రాశావు: “నాకు మతిమరుపు కదా నాన్నా, నేనే ఎక్కడో పారేసుకుని ఉంటాను. అమ్మకి సారీ చెప్పు.” అది చదివాక నామీద నాకే అసహ్యం వేసింది. అక్షరం తప్పుపడితే ఊరుకోలేని మనిషిని, నీమీద పడ్డ తప్పుని అలాగే వదిలేశాను. నువ్వేమీ పారేసుకోలేదమ్మా.

ఇప్పుడు మాత్రలు మానేశాను. గుండె నెమ్మదించింది.

ఇంతవరకూ రాసింది అమ్మకి పైకి చదివి వినిపించాను. విని, లేచి సంచి సర్దుకుంది. “ముందు నేను దాని మొహం చూడాలి. మీ సంగతి తర్వాత,” అంది. అందుకే ఇది పోస్టులో రావడం లేదు, అమ్మ చేతికిచ్చి పంపుతున్నాను. తనతో తిరిగి వస్తావో రావో నీ ఇష్టం. కుర్చీ మాత్రం కిటికీ దగ్గరే ఉంటుంది.

ఇట్లు,
నీ మాత్రలు మింగిన
నాన్న